మొప్పలెత్తి చూసినట్టు

మా పొయ్యి యానాంలో.
మా చేపలు తినే నోళ్ళు ఇంజరంలో.
మధ్యలో ఓ గీత ఉందని
ముప్పైయేళ్ళుగా వింటూనే ఉన్నాను.
మందు సీసాల రేటు తేడాలో తప్ప
ఎప్పుడూ కంటపడలేదు.

ఆ ఏడు కంటపడింది.
రెండు సరివి బాదులు, ముళ్ళకంప,
బోర్లించిన సిమెంటు తూము,
దాని మీద హోంగార్డు చిట్టిబాబు.
మొన్నటిదాకా నా దగ్గర కానాగంతలు అప్పు తిన్నవాడు
నా నుదుటికి తుపాకీ గురిపెట్టి
"ఏ ఊరు?" అన్నాడు.
"నీకు తెలీదేంట్రా?"
"తెలుసు అత్తా. రాసుకోవాలంట."

ఇవతల గేటు వీళ్ళది, అవతల గేటు వాళ్ళది.
మధ్య రోడ్డు ముక్క ఎవరిదో
ఇద్దరికీ తెలీదు.
అక్కడే మూడు గంటలు కూర్చున్నాను.
ఐసు కరిగి వీపంతా కారింది,
తట్టలో గులివిందలు మెత్తబడ్డాయి.

ఎదుర్లంకలో మా ఆడపడుచు పోయినప్పుడు
వంతెన కూడా మూసేశారు.
గౌతమి ఇవతలి గట్టున నిలబడి
అవతల పొగ ఎటు తిరుగుతుందో చూసి
అటేపు తిరిగి ఏడ్చాం.

ఆ తర్వాత సూది వచ్చింది.
సూది కంటే ముందు దాని మాటలొచ్చాయి,
పోటు కంటే ముందు నురగ వచ్చినట్టు.
రెండేళ్ళకి మించి బతకరంట.
వల లాగే చెయ్యి పడిపోద్దంట.
నలభై రోజులు మందు మానాలంటే
మా కాసులు "రోగమే నయం" అన్నాడు.
మా అత్త వీరమాంబ
నర్సు వస్తోందని తెలిసి
మడకాలవలోకి నావ తోసుకుపోయి
పొద్దుగూకేదాకా పీతలు పట్టింది.
ఎనభై దాటిన మనిషి!
ఆ వారమంతా మాకు పీతల పులుసే.

నేను నవ్వలేదు. నా భయం నాకుంది.

నా దగ్గర ఎవరూ ఊరికే కొనరు.
మొప్ప ఎత్తుతారు, ఎర్రగా ఉందా నల్లబడిందా అని.
కన్ను నొక్కుతారు. ముక్కు దగ్గర పెట్టుకుంటారు.
నిన్నటిదైతే నా మొహానే చెబుతారు.
నాకు కోపం రాదు.
ఒంట్లోకి పోయేది, చూసుకోవద్దూ మరి.

ఈ సీసాకి మొప్పలెక్కడున్నాయి?

అదే అడిగాను నర్సు సువార్తమ్మని,
కేజీకి ఇరవై తగ్గించందే కదలని మనిషిని.
తిడుతుందనుకున్నాను.
సీసా తీసి నా అరచేతిలో పెట్టింది.
ఐసులోంచి తీసిన రొయ్యంత చల్లగా ఉంది.
"నాకూ కనపడవే మొప్పలు.
మా అమ్మ కాకినాడలో మంచం దొరక్క
ఆటోలోనే పోయింది.
అది మాత్రం చూశాను."

అంతే అంది. మళ్ళీ సీసా తీసుకుంది.

నమ్మి వేయించుకున్నానని చెప్పను.
కాయితం లేందే గేటు దాటనివ్వమన్నారు,
డ్వాక్రా వాయిదా మీద పడుతోంది.
భుజం చాపాను. చీమ కుట్టినంత.
రాత్రికి ఒళ్ళు పెనమైంది.
రోగమే నయమన్నవాడు తెల్లార్లూ
పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యేసి చూశాడు,
ఏ ఊరని అడక్కుండా.

మూడోనాడు గేటు దగ్గర కాయితం చూపించాను.
చిట్టిబాబు తిరగేసి చూశాడు,
ఎండకి ఎత్తి చూశాడు.
"వాసన కూడా చూడరా" అన్నాను.
నవ్వుతూ బాదు లేపాడు.

ఇంజరంలో మొదటి గుమ్మం.
సుభద్రమ్మగారు మెట్టు దిగలేదు.
"సూదేయించుకున్నావంట గదా,
నాలుగు రోజులాగి కొంటాలే."

తట్ట నెత్తికెత్తుకోబోతే
ఎడం భుజం లేవలేదు.
ఒంటిచేత్తో నడుమ్మీద పెట్టుకుని
రెండో గుమ్మం ముందు దించాను.
ఎవరూ అడక్కుండానే
నేనే ఓ చేప తీసి
మొప్ప ఎత్తి పట్టుకున్నాను.